పట్టభద్రుల ఎన్నికల్లో ప్రాధాన్య ఓటు: బ్యాలెట్ భాష, రూపం, లెక్కింపు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనమండళ్ళలోని పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానాలకు జరిగే ఎన్నికల్లో ఓటరు ఒక్క అభ్యర్థిని ఎంచుకొని ఊరుకోరు. అభ్యర్థులకు తమ ఇష్టం మేరకు 1, 2, 3 అని వరుస అంకెలు రాస్తారు. కనీసం డిగ్రీ చదివినవారే ఓటర్లైన ఈ ఎన్నికల్లో వేల సంఖ్యలో ఓట్లు చెల్లకుండా పోవడం ప్రతిసారీ వార్త అవుతోంది. చదువుకున్నవారికి ఓటు వేయడం రాలేదన్న విమర్శ దాని వెంటే వస్తోంది. ఆ విమర్శ ఎంతవరకు సబబు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్యాలెట్ పత్రాన్ని ఒక పాఠంగా తీసుకొని, దాని చుట్టూ ఉన్న తెలుగు మాటలను, అంకెలు రాసే నియమాలను, లెక్కింపు పద్ధతిని విడివిడిగా విశ్లేషిస్తుంది. లోపం ప్రధానంగా ఓటరు చదువులో కాక ప్రక్రియ రూపకల్పనలో ఉందని ప్రతిపాదించి, మెరుగుదలకు మూడు స్థాయిల్లో సూచనలు చేస్తుంది.

కీలకపదాలు: శాసనమండలి, పట్టభద్రుల నియోజకవర్గం, ప్రాధాన్య ఓటు, బ్యాలెట్ పత్రం, చెల్లని ఓటు, ఎన్నికల పరిభాష.

1. ఉపోద్ఘాతం:

ఎన్నికల మీద తెలుగులో వచ్చే విమర్శలో ఎక్కువ భాగం పార్టీల గురించి, అభ్యర్థుల గురించి, డబ్బు గురించి ఉంటుంది. ఓటరు చేతికి అందే కాగితం గురించి, ఆ కాగితం అడిగే ప్రశ్న గురించి చర్చ తక్కువ. ఓటు అనేది ఒక ప్రశ్నకు ఇచ్చే జవాబు. ప్రశ్న అడిగిన తీరును బట్టి జవాబు మారుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే జవాబే ఉండదు. సాధారణ ఎన్నికల్లో ప్రశ్న ఒక్కటే: “వీరిలో ఎవరు కావాలి?” పట్టభద్రుల ఎన్నికల్లో ప్రశ్న వేరు: “వీరిలో ముందు ఎవరు కావాలి, వారు కాకపోతే ఎవరు, వారూ కాకపోతే ఇంకెవరు?” రెండో ప్రశ్న మొదటిదాని కంటే సంపన్నమైనది. అది ఓటరు నుంచి ఎక్కువ సమాచారం కోరుతుంది. కానీ ఆ ప్రశ్నను ఓటరుకు చేర్చే భాష, కాగితం, నియమాలు అంత సంపన్నంగా ఉన్నాయా అన్నది పరిశీలించవలసిన విషయం.

పరిశోధక విద్యార్థులకు, కళాశాల అధ్యాపకులకు ఇది దూరపు చర్చ కాదు. డిగ్రీ పొంది మూడేళ్ళు దాటినవారు, మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్ళు బోధించినవారు ఈ నియోజకవర్గాల్లో ఓటర్లుగా నమోదు కాగలరు. చెల్లకుండా పోయిన ఓట్లలో వారివి కూడా ఉండవచ్చు.

2. శాసనమండలి – ప్రాధాన్య ఓటు నేపథ్యం:

భారత రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలి నిర్మాణాన్ని నిర్దేశించింది. సభ్యుల్లో సుమారు మూడో వంతును స్థానిక సంస్థల ప్రతినిధులు, మరో మూడో వంతును శాసనసభ్యులు ఎన్నుకొంటారు. పన్నెండో వంతు పట్టభద్రులకు, పన్నెండో వంతు ఉపాధ్యాయులకు దక్కుతుంది. మిగిలినవారిని గవర్నరు నామినేట్ చేస్తారు. ఎన్నికలన్నీ ఏక బదిలీ ఓటు ద్వారా, నిష్పత్తి ప్రాతినిధ్య పద్ధతిలో జరగాలని ఆ అధికరణం చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో శాసనమండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి ప్రాణం పోసుకొంది. రాష్ట్ర విభజన తరువాత ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానాలు, తెలంగాణ మండలిలో 40 స్థానాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టభద్రులకు 5, ఉపాధ్యాయులకు 5. తెలంగాణలో పట్టభద్రులకు 3, ఉపాధ్యాయులకు 3. మండలి లేని 1985–2007 మధ్య కాలంలో చదువు ముగించి ఉద్యోగాల్లో చేరిన ఒక తరం పట్టభద్రులకు ఈ పద్ధతితో పరిచయమే లేకపోయింది. ఈ ఇరవై రెండేళ్ళ విరామంలోనే సాధారణ ఎన్నికలు కాగితం నుంచి యంత్రానికి మారాయి. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా ఓటింగ్ యంత్రాలు వచ్చాయి. అంటే మండలి తిరిగి వచ్చేసరికి ఓటరు చేతి అలవాటు పూర్తిగా మారిపోయింది.

3. ప్రాధాన్య ఓటు చేసే పని – 1969 రాష్ట్రపతి ఎన్నిక:

రెండో ప్రాధాన్యం ఎందుకు రాయాలన్న ప్రశ్నకు తెలుగువారికి అందరికంటే దగ్గరి ఉదాహరణ 1969 రాష్ట్రపతి ఎన్నిక. ప్రధాన పోటీదారులు ఇద్దరూ తెలుగువారే: కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి. మూడో ముఖ్య అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. రాష్ట్రపతి ఎన్నికలో ఓట్లకు విలువలు ఉంటాయి కనుక కింది అంకెలు ఓటర్ల సంఖ్యను కాక ఓట్ల విలువను తెలుపుతాయి.

మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలుపుకు కావలసిన కోటా అందులో సగానికి ఒకటి ఎక్కువ, అంటే 4,18,169. గిరి ముందున్నా కోటాకు చేరలేదు. వెనుకబడిన అభ్యర్థులను ఒక్కొక్కరిగా తొలగించి, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం బదిలీ చేయగా చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 అయ్యాయి. కోటాను గిరి దాటింది 1,908తో మాత్రమే.

ఈ ఫలితంలో గమనించవలసినవి రెండు. బదిలీల వల్ల సంజీవరెడ్డికి 91,879 కలిస్తే, గిరికి కలిసింది 18,562. అంటే తొలగిన అభ్యర్థుల మద్దతుదారుల రెండో ఇష్టం అధికంగా సంజీవరెడ్డి వైపే ఉంది. మొదటి ప్రాధాన్యంలో దాదాపు 88 వేలుగా ఉన్న అంతరం చివరికి 15 వేల లోపుకు తగ్గింది. రెండో అంకె అలంకారం కాదని, అది ఫలితాన్ని తారుమారు చేయగల అంచుదాకా తీసుకుపోగలదని దీనివల్ల తెలుస్తుంది. ఇక రెండో అంశం: ఆ ఓటర్లు పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు. నియమాలు తెలిసినవారు, తెలియకపోతే చెప్పడానికి పార్టీ యంత్రాంగం ఉన్నవారు. అదే పద్ధతిని లక్షలాది సాధారణ పట్టభద్రుల ముందు పెట్టినప్పుడు అంతటి శిక్షణ వారికి అందదు. పద్ధతి ఒకటే, ఓటరు స్థితి వేరు. రూపకల్పన ఈ తేడాను లెక్కలోకి తీసుకోలేదు.

4. పరిభాషా విమర్శ:

4.1 ‘ప్రాధాన్యత’, ‘ప్రాధాన్యం’, ‘ఇష్టక్రమం’:

పత్రికల్లోనూ ప్రచారంలోనూ స్థిరపడిన మాట ‘ప్రాధాన్యతా ఓటు’. ప్రధాన శబ్దం నుంచి వచ్చిన ‘ప్రాధాన్యం’ అప్పటికే భావార్థకం. దానికి మళ్ళీ ‘త’ చేర్చడం పునరుక్తి అని వ్యాకరణవేత్తలు అభ్యంతరం చెబుతారు. అయితే ఇక్కడి ఇబ్బంది వ్యాకరణానిది మాత్రమే కాదు, అర్థానిది. తెలుగులో ప్రాధాన్యం అంటే ముఖ్యత్వం. ఒకరికి ప్రాధాన్యం ఇవ్వడమంటే వారిని ముఖ్యులుగా భావించడం. ఆ మాటలో వరుస లేదు, పోలిక లేదు. ఓటరు చేయవలసింది అభ్యర్థులను ఒకరి తరువాత ఒకరిగా నిలబెట్టడం. ‘ఇష్టక్రమం’ అనే మాటలో ఇష్టమూ క్రమమూ రెండూ వినిపిస్తాయి. “మీ ఇష్టక్రమాన్ని అంకెల్లో రాయండి” అన్న వాక్యం చేయవలసిన పనిని చెబుతుంది. “మీ ప్రాధాన్యతను తెలపండి” అన్న వాక్యం చెప్పదు.

4.2 ‘గుర్తు’ అనే మాట:

తెలుగు ఎన్నికల భాషలో ‘గుర్తు’ అత్యంత భారం మోసే పదం. పార్టీ చిహ్నం గుర్తు. కాగితం మీద వేసే ముద్ర గుర్తు. ‘గుర్తు పెట్టడం’ అంటే టిక్కు పెట్టడం. పట్టభద్రుల బ్యాలెట్ మీద పార్టీ చిహ్నాలు ఉండవు కనుక మొదటి అర్థం అక్కడ అక్కరకు రాదు. రెండో, మూడో అర్థాలు నేరుగా ప్రమాదకరం. ‘గుర్తించండి’ అన్న క్రియ పట్టభద్రుడికి పరీక్షల నుంచి పరిచయం: “సరైన సమాధానాన్ని గుర్తించండి.” ప్రవేశ పరీక్షల నుంచి ఉద్యోగ పరీక్షల దాకా ఏళ్ళ తరబడి ఒక ప్రశ్నకు ఒకే గడిని ఎంచుకోవడంలో శిక్షణ పొందిన చేయి అది. ఉపాధ్యాయుల విషయంలో ఇది ఇంకా స్పష్టం. జవాబుపత్రాలు దిద్దే వృత్తిలో టిక్కు ఆమోదానికి సంకేతం. తమకు నచ్చిన అభ్యర్థి పేరు పక్కన టిక్కు పెట్టిన ఉపాధ్యాయుడు అజ్ఞానంతో పెట్టలేదు; వృత్తి నేర్పిన భాషలో ‘వీరే సరి’ అని చెప్పాడు. నియమం ఆ భాషను అంగీకరించదు.

4.3 ‘వేయడం’, ‘నొక్కడం’, ‘రాయడం’:

ఓటుతో తెలుగు జత చేసిన క్రియ ‘వేయు’. ముద్ర వేయడం, పెట్టెలో వేయడం అనే రెండు పనులనూ అది కలుపుకొంది. యంత్రాలు వచ్చాక ‘బటన్ నొక్కండి’ అనే పిలుపు వచ్చింది. కాగితపు బ్యాలెట్లు కొనసాగుతున్న పంచాయతీ ఎన్నికల్లో ముద్ర వేయడమే నేటికీ పద్ధతి. ఆ విధంగా ఒకే ఓటరు వేర్వేరు ఎన్నికల్లో నొక్కాలి, ముద్ర వేయాలి, అంకె రాయాలి. మొదటి రెండింటిలో పని ఒక్కసారితో ముగుస్తుంది; మూడోది రాత. ప్రచారంలో మాత్రం మూడింటికీ ‘ఓటు వేయండి’ అన్న పిలుపే వినిపిస్తుంది. ‘ఒకటి వేయండి’ అన్న మాట కూడా వాడుకలో ఉంది. దానిని ‘ఒక ఓటు వేయండి’ అని అర్థం చేసుకొనే వీలూ ఉంది. అభ్యర్థుల ప్రచారపత్రాలు “మొదటి ప్రాధాన్యతా ఓటు వేసి గెలిపించండి” అని ముగుస్తాయి. అందులో రాయడం అనే క్రియే కనిపించదు.

4.4 ‘చెల్లని ఓటు’, ‘మురిగిపోయిన ఓటు’:

‘చెల్లు’ అనే క్రియను నాణేలకూ వాడతారు. చెల్లని నాణెం అంటే నాణెంలోనే దోషం ఉన్నదని అర్థం. ‘చెల్లని ఓటు’ అన్నప్పుడు ఆ అర్థచ్ఛాయ ఓటరు మీదికి జారుతుంది. తీసుకోనన్న నియమం కనుమరుగవుతుంది. దీనికితోడు, ప్రాధాన్య పద్ధతిలో చెల్లకుండా పోయే ఓటు వేరు, కొంతదూరం చెల్లి ఆ తరువాత బదిలీకి నోచుకోక ఆగిపోయే ఓటు వేరు. ఎన్నికల నిర్వహణ నియమాలు (1961) రెండింటినీ వేర్వేరుగానే నిర్వచించాయి. రెండో రకానికి వాడుకలో స్థిరపడిన తెలుగు మాట లేదు. దానిని ‘నిలిచిన ఓటు’ అని వ్యవహరించవచ్చు. పేరు లేని వస్తువు చర్చలోకి రాదు. నిలిచిన ఓట్ల విషయంలో జరిగినది అదే.

5. నియమాల విమర్శ:

నియమావళిలోని 73వ నియమం బ్యాలెట్ పత్రాన్ని తిరస్కరించే సందర్భాలను చెబుతుంది. ఎవరి పేరు పక్కనా 1 అంకె లేకపోతే, ఒకరికంటే ఎక్కువమందికి 1 రాస్తే, 1 ఎవరికి చెందుతుందో సందేహంగా ఉంటే, ఒకే అభ్యర్థికి 1తోపాటు మరో అంకె కూడా రాస్తే, ఓటరును గుర్తుపట్టగల రాత ఉంటే, ఇచ్చిన సాధనంతో కాక మరొకదానితో అంకె రాస్తే ఆ ఓటు చెల్లదు. 2 నుంచి తరువాతి అంకెలు ఐచ్ఛికం. రెండో అంకెను ఇద్దరికి రాసినా, వరుస తప్పినా మొదటి ప్రాధాన్యం మాత్రం చెల్లుతుంది. తప్పు జరిగిన చోట ఓటు నిలిచిపోతుంది.

ఈ నియమాలన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. వాటిలో కారణం బలంగా ఉన్నవి, లేనివి కలిసి ఉన్నాయి. ఇద్దరికి 1 రాసిన కాగితంలో ఓటరు ఉద్దేశం నిజంగానే తెలియదు, తిరస్కరణ తప్పదు. సంతకం, వేలిముద్ర, పేరు ఉన్న కాగితాన్ని అంగీకరిస్తే రహస్య ఓటుకు అర్థం ఉండదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలన్న షరతుకు కూడా ఇదే కారణం: సిరా రంగు కొనుగోలు చేసిన ఓటుకు రసీదు కాగలదు.

ఒంటరి టిక్కు విషయం వేరు. మొత్తం కాగితం మీద ఒకే ఒక్క పేరు పక్కన ఒకే ఒక్క టిక్కు ఉన్నప్పుడు ఓటరు ఉద్దేశం విషయంలో సందేహమేమిటి? రెండో ప్రాధాన్యం చెప్పలేదన్నది నిజం. కానీ 1 మాత్రమే రాసి ఊరుకొన్న ఓటరు కూడా చెప్పలేదు, ఆ ఓటు చెల్లుతోంది. రెండు కాగితాలు ఇస్తున్న సమాచారం ఒకటే అయినప్పుడు ఒకటి లెక్కలోకి, మరొకటి తిరస్కృత కట్టలోకి పోవడానికి తర్కం దొరకదు. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసిన ఓటు పరిస్థితీ ఇదే. అంకెలను అంతర్జాతీయ రూపంలో, రోమన్ రూపంలో, లేదా ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాష అంకెల్లోనైనా రాయవచ్చునని ఎన్నికల సంఘం సూచనలు అనుమతిస్తాయి. మాటల్లో రాయడాన్ని అనుమతించవు. దీని ప్రకారం తెలుగు అంకె ‘౧’ చెల్లుతుంది, తెలుగు మాట ‘ఒకటి’ చెల్లదు. తెలుగు అంకెలు నిత్యవ్యవహారం నుంచి దాదాపు తప్పుకొన్నాయి. తొందరగా రాసిన ‘౧’ సున్నాగా కనిపించే ప్రమాదం ఉంది. ‘ఒకటి’ అన్న మాటను మాత్రం ఎవరూ మరొకటిగా చదవరు. స్పష్టమైనదాన్ని తోసిపుచ్చి, అస్పష్టతకు తావున్నదాన్ని అంగీకరించడం భాషాగౌరవంగా కనిపించవచ్చు. ఓటరుకు దాని వల్ల కలిగే మేలు స్వల్పం.

సడలింపు ఇస్తే రహస్యం దెబ్బతింటుందన్న వాదన ఉంది. దీనిని తేలికగా తీసుకోకూడదు. చేతిరాత పెరిగేకొద్దీ ఓటరును గుర్తుపట్టే అవకాశం పెరుగుతుంది. కానీ ఒంటరి టిక్కులో ఉన్న రాత 1 అంకెలో ఉన్నదానికంటే ఎక్కువ కాదు. పైగా అసలైన ప్రమాదం మరోచోట ఉంది. అనేకమంది అభ్యర్థులున్న కాగితంలో ముందుగా చెప్పిన ఒక వింత వరుసలో అంకెలు రాయించుకొంటే, ఆ వరుసే ఓటరు సంతకమవుతుంది. సుదీర్ఘమైన అంకెల వరుసను అనుమతించే నియమావళి ఒంటరి టిక్కును రహస్యం పేరుతో నిరాకరించలేదు. ఆస్ట్రేలియా సెనేట్ ఎన్నికల్లో ప్రాధాన్య అంకెలే పద్ధతి అయినా, ఒంటరి టిక్కును లేదా అడ్డగీతల గుర్తును 1గా స్వీకరించే వెసులుబాటును చట్టమే కల్పించింది. అధికారి విచక్షణకు వదలకుండా నియమంలోనే రాసినందువల్ల పక్షపాతానికి తావు తగ్గింది.

6. బ్యాలెట్ రూపం:

2021 మార్చి 14న తెలంగాణలో రెండు పట్టభద్రుల స్థానాలకు పోలింగ్ జరిగింది. మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ నియోజకవర్గంలో 93 మంది, వరంగల్–ఖమ్మం–నల్లగొండ నియోజకవర్గంలో 71 మంది అభ్యర్థులు. బ్యాలెట్ దినపత్రికంత అయింది. దాన్ని మడిచి వేయడానికి పెద్ద పెట్టెలు అవసరమయ్యాయి. మార్చి 17న మొదలైన లెక్కింపు 20న ముగిసింది.

పార్టీ చిహ్నం లేని, పేర్లతో నిండిన అంత పెద్ద కాగితంలో ఓటరు మొదటి పని చదవడం కాదు, వెతకడం. వెతికి పట్టుకొన్న పేరు పక్కన 1 రాశాక, రెండో పేరు కోసం మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. ఇంతమందిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న అభ్యర్థులు ఉంటే అంకె తప్పు గడిలోకి పోవచ్చు. చాలామంది ఓటర్లు 1 లేదా 2తో ఆగిపోవడానికి ఉదాసీనత ఒక్కటే కారణం కాదు. కాగితం వారిని అలసటకు గురిచేస్తుంది. పైవరుసలో ఉన్న పేరుకు కొంత సహజ లాభం ఉంటుందన్నది ఎన్నికల అధ్యయనాల్లో చిరపరిచితమైన అంశం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రంలో నీల్ రాబ్సన్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో, పేర్ల వరుసను మార్చి మార్చి ముద్రించిన బ్యాలెట్లను ఓటర్లకు పంచుతారు. ఏ అభ్యర్థికీ స్థానబలం దక్కకుండా చేయడం దాని లక్ష్యం. 93 పేర్ల జాబితాలో అటువంటి మార్పు వెతుకులాటను కష్టతరం చేయవచ్చు. కనుక అభ్యర్థుల సంఖ్య తక్కువగా ఉన్న ఉపాధ్యాయ నియోజకవర్గాలే అటువంటి ప్రయోగానికి తగినవి.

7. లెక్కింపు విమర్శ:

రాజ్యాంగం నిష్పత్తి ప్రాతినిధ్యం అంటున్నా ఒక్కో పట్టభద్రుల నియోజకవర్గం నుంచి ఎన్నికయ్యేది ఒక్కరే. ఒక్క స్థానాన్ని నిష్పత్తిలో పంచడం సాధ్యం కాదు. ఆచరణలో ఇది వడపోత పద్ధతి అవుతుంది: ఎవరూ సగం దాటకపోతే చివరివారిని తొలగిస్తూ పోవడం. 75వ నియమం చెప్పే లెక్కింపు ఇదే. ఇందులో రెండు లోపాలు ఉన్నాయి.

మొదటిది: అందరికీ రెండో ఇష్టమైన అభ్యర్థి ముందే తొలగిపోవడం. ఒక ఊహా ఉదాహరణ చూడవచ్చు. వంద మంది ఓటర్లలో 40 మంది క–గ–చ అని, 35 మంది చ–గ–క అని, 25 మంది గ–క–చ అని వరుస రాశారనుకొంటే, మొదటి ప్రాధాన్యంలో అందరికంటే వెనుక ఉన్నది గ. గ తొలగి, ఆ 25 ఓట్లు కకు చేరి, క 65తో గెలుస్తారు. కానీ గ, క ఇద్దరినే పోల్చి చూస్తే 60 మందికి గ నచ్చారు. గ, చలను పోల్చినా 65 మందికి గ నచ్చారు. ప్రతి ఒక్కరినీ ముఖాముఖి ఓడించగల వ్యక్తి మొదటి వడపోతలోనే పోయారు. ఇటువంటి పోలికను ఫ్రెంచి తత్త్వవేత్త కొండొర్సే 1785లోనే ప్రతిపాదించారు. ఇది కాగితం మీది చిక్కు మాత్రమే కాదని 2009లో అమెరికాలోని బర్లింగ్టన్ నగర మేయర్ ఎన్నిక నిరూపించింది.

రెండోది: నిలిచిన ఓట్లు. రెండో అంకె లేని ఓట్లు పెరిగేకొద్దీ, బదిలీలన్నీ ముగిసినా ఎవరూ కోటాకు చేరకపోవచ్చు. అప్పుడు చివరికి మిగిలిన అభ్యర్థిని విజేతగా ప్రకటించడమే మార్గం. సగానికి మించిన మద్దతు కోసం ఏర్పాటైన పద్ధతి సగం లేని విజేతతో ముగుస్తుంది. దీనికి లెక్కింపు కారణం కాదు. ఓటరుకు రెండో అంకె విలువ తెలియకపోవడం కారణం. అభ్యర్థులు తమకు మొదటి అంకె మాత్రమే అడుగుతారు. “రెండోది ఎవరికైనా రాయండి” అని చెప్పడంలో ఏ అభ్యర్థికీ లాభం లేదు. ఆ మాట చెప్పవలసిన బాధ్యత తటస్థ సంస్థదే. రెండో ఇష్టాన్ని రాయడం మొదటి ఇష్టానికి ఏ విధంగానూ హాని చేయదన్న హామీ ఓటరుకు స్పష్టంగా అందాలి. మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతవరకు ఆ ఓటు వారిదే, తొలగిపోయాక మాత్రమే రెండో అంకె తెరుచుకొంటుంది.

8. సూచనలు:

పై విశ్లేషణ నుంచి వచ్చే సూచనలను, వాటిని అమలు చేయవలసిన అధికారాన్ని బట్టి మూడు స్థాయిలుగా విభజించవచ్చు.

8.1 ఎన్నికల యంత్రాంగం స్థాయి:

ప్రచారంలోని క్రియను మార్చాలి. ‘ఓటు వేయండి’ అన్నదానికి బదులు “మీకు ముందుగా కావలసినవారి పేరు పక్కన 1 అని రాయండి, వారు కాకపోతే ఎవరు కావాలో 2 అని రాయండి” అన్న వాక్యం చాలు. గోడమీది సూచన ఓటరుతోపాటు ఓటు గదిలోకి రాదు. కనుక ఈ వాక్యం బ్యాలెట్‌లోనే, పేర్లకు పైన, పెద్ద అక్షరాల్లో కనిపించాలి. ఓటర్ల నమోదు సమయంలోనే నమూనా బ్యాలెట్ అందించి నింపించవచ్చు. కళాశాలలు దీనికి సహజ వేదికలు. స్కెచ్ పెన్నును గదిలోని బల్లకే దారంతో కట్టి ఉంచితే సొంత పెన్ను తీసే సందర్భాలు తగ్గుతాయి.

అన్నింటికంటే ముఖ్యమైనది: చెల్లని ఓట్లను కారణాలవారీగా వర్గీకరించి ఫలితంతోపాటు ప్రకటించాలి. వార్తల్లో అవి ఒకే అంకెగా కనిపిస్తున్నాయి. అందులో టిక్కులెన్ని, ఇద్దరికి 1 రాసినవెన్ని, ఖాళీ కాగితాలెన్ని, సంతకాలెన్ని అని తెలిస్తేనే ఎక్కడ మరమ్మతు అవసరమో తేలుతుంది. ఖాళీ కాగితం నిరసన కావచ్చు. టిక్కు అలవాటు కావచ్చు. రెంటికీ మందు ఒకటి కాదు. నిలిచిన ఓట్ల సంఖ్యనూ విడిగా చూపాలి.

8.2 నియమాల స్థాయి:

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 169వ సెక్షను ప్రకారం, ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్ర ప్రభుత్వం నియమాలను మార్చవచ్చు. ఒకే పేరు పక్కన, మరే రాతా లేకుండా ఉన్న టిక్కును, ‘ఒకటి’ అన్న మాటను 1గా స్వీకరించేలా 73వ నియమాన్ని సవరించాలి. వెసులుబాటు ఈ రెంటికే పరిమితం కావాలి. సందేహం ఉన్నచోట తిరస్కరణ, సందేహం లేనిచోట అంగీకారం అన్న సూత్రం నియమంలోనే ఉండాలి. బల్ల దగ్గరి అధికారి దయగా మిగలకూడదు.

8.3 నియోజకవర్గాల స్థాయి:

మండలి ప్రాదేశిక నియోజకవర్గాలను పార్లమెంటు చట్టం ప్రకారం నిర్ణయించాలని రాజ్యాంగం చెప్పింది. ఒక నియోజకవర్గానికి ఒక్క స్థానమే ఉండాలని చెప్పలేదు. రెండు మూడు స్థానాలను కలిపి ఒక నియోజకవర్గం చేస్తే నిష్పత్తి అన్న మాట సార్థకమవుతుంది, మధ్యే మార్గపు అభ్యర్థులకు చోటు దొరుకుతుంది. అయితే సభ్యుల పదవీకాలాలు వేర్వేరు సమయాల్లో ముగియడం, విస్తీర్ణం పెరగడం, అభ్యర్థుల జాబితా మరింత పొడవు కావడం ఈ మార్గంలోని అడ్డంకులు. బ్యాలెట్ రూపాన్ని ముందు బాగుచేయకుండా ఈ మార్పుకు పూనుకొంటే ఉన్న ఇబ్బంది రెట్టింపవుతుంది. అందువల్ల ఇది చివరి మెట్టు.

9. ముగింపు:

పట్టభద్రుల ఎన్నికల్లో చెల్లని ఓట్లను చదువుకున్నవారి నిర్లక్ష్యానికి కొలమానంగా చూపే విమర్శ తేలికైనది. అది ఎవరినీ ఏదీ మార్చమని అడగదు. ఈ పరిశీలనలో తేలిన అంశాలు వేరు. ఓటరును పిలిచే తెలుగు మాటల్లో చేయవలసిన పని లేదు. పరీక్షలు, యంత్రాలు, వృత్తి నేర్పిన అలవాటుకు వ్యతిరేకమైన చర్యను బ్యాలెట్ కోరుతోంది. దానికి తగిన శిక్షణ అందడం లేదు. ఉద్దేశం స్పష్టంగా ఉన్న ఓటును కూడా నియమం తోసిపుచ్చుతోంది. తిరస్కరణ కారణాలు ప్రజల ముందుకు రానందువల్ల ఒక ఎన్నిక నేర్పిన పాఠం తరువాతి ఎన్నికకు ఉపయోగపడటం లేదు.

ఓటరు నిర్లక్ష్యం అసలే లేదని దీని అర్థం కాదు. సూచనలు చదవనివారు, నినాదం రాసి వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. కానీ వారెందరో, కాగితం దారి తప్పించినవారెందరో విడదీసి చూపే లెక్క లేనప్పుడు, అందరినీ ఒకే నిందకు గురిచేయడం విమర్శ అనిపించుకోదు. కారణాలవారీ లెక్క ఒక్కటి బయటికి వచ్చినా చర్చ స్వరూపం మారుతుంది. తెలుగు భాషా పరిశోధకులకు కూడా ఇందులో పని ఉంది. సాహిత్య పాఠాల మీద చూపే శ్రద్ధలో కొంత, లక్షలమంది ఒకే రోజు చదివి జవాబు రాయవలసిన ఈ పాఠం మీద చూపడం అవసరం.